సరిహద్దులో పుట్టిన చారిత్రక నాటకం: కొలాచలం శ్రీనివాసరావు

మా తరగతిలో ఒక విద్యార్థి అడిగాడు: "కొలాచలంవారు కర్ణాటకలో పుట్టారు గదా సార్, మరి తెలుగులో ఎందుకు రాశారు?" ఆంధ్ర దేశానికి వెలుపల పెరిగిన విద్యార్థులకు ఈ సందేహం సహజమే. కానీ ప్రశ్నలోనే ఒక పొరపాటు వుంది.

నేను తారానగర్‌వాణ్ణి. బళ్లారి జిల్లా సండూరు తాలూకాలో, నారిహళ్ల జలాశయం పక్కన వున్న వూరు మాది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. సండూరు 1949 దాకా ఘోర్పడేల సంస్థానం కాబట్టి పాత కాగితాల్లో మరాఠీ కూడా కనిపిస్తుంది. మా కొండలు దాటి ఉత్తరంగా పోతే హోసపేట, దానికి అవతల కమలాపురం, ఆపైన హంపి. ఆ కమలాపురంలోనే 1854లో కొలాచలం శ్రీనివాసరావు జన్మించారు. అప్పటికి కర్ణాటక అనే రాష్ట్రం లేదు, ఆంధ్ర అనే రాష్ట్రమూ లేదు. వున్నది మద్రాసు రాజధానిలోని బళ్లారి జిల్లా. అనంతపురం కూడా 1882 దాకా అందులో భాగమే.

ఆయన బళ్లారిలో వకీలు. అదే వూళ్లో అదే వృత్తిలో వున్న మరో నాటకకర్త ధర్మవరం రామకృష్ణమాచార్యులు ఆయనకంటే ఒక్క ఏడాది పెద్ద. ధర్మవరంవారిది సరసవినోదిని సభ, కొలాచలంవారిది సుమనోరమ సభ. ఒక చిన్న పట్టణంలో ఇద్దరు ప్లీడర్లు, రెండు నాటక సమాజాలు! పోటీ ఎంత జోరుగా సాగివుంటుందో మీరే ఊహించుకోండి. పగలు కోర్టులో వాదన, రాత్రి రంగస్థలం మీద వాదన. ఇద్దరూ చెరి ముప్పయి దాకా నాటకాలు రాశారు. ధర్మవరంవారిని ఆంధ్ర నాటక పితామహుడన్నారు, కొలాచలంవారిని ఆంధ్ర చారిత్రక నాటక పితామహుడన్నారు. పితామహులిద్దరూ ఒకే వూరివారు కావడం యాదృచ్ఛికం కాదని నా అభిప్రాయం. పలు భాషల నాటకం తెలిసిన ప్రేక్షకులున్న చోట నాటకకర్త పాత దారినే పట్టుకు వేలాడలేడు.

ఈ బళ్లారి నాటకం ఎంత దూరం వెళ్లిందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. 1891లో సరసవినోదిని సభవారు మద్రాసులో తెలుగు నాటకాలు ఆడారు. చూసినవారిలో పమ్మళ్ సంబంధ మొదలియార్ అనే తమిళ యువకుడున్నాడు. ఆ ప్రదర్శనల ప్రేరణతో ఆ ఏడాదే ఆయన తన మిత్రులతో సుగుణ విలాస సభను స్థాపించాడు. ఆధునిక తమిళ నాటకరంగానికి అది ఒక పునాది. కన్నడసీమ పట్టణం నుంచి వచ్చిన తెలుగు నాటకం తమిళ నాటకానికి దారి చూపింది!

ఇక కొలాచలంవారి విషయం. పురాణ కథలు ఆయనా రాశారు. ఆయన ప్రత్యేకత మాత్రం చరిత్రను నాటకవస్తువు చేయడంలో వుంది. వాటిలో పేరుమోసినది 'రామరాజు చరిత్రము'. 1565 యుద్ధం, రామరాయల మరణం, విజయనగర పతనం దాని వస్తువు. ధర్మవరంవారి మేనల్లుడు బళ్లారి రాఘవ అందులో పఠాన్ రుస్తుం వేషంతో ఖ్యాతి పొందాడు. మామగారి పోటీదారు రాసిన నాటకంలో మేనల్లుడి కీర్తి!

ఈ నాటకాన్ని గుంటూరులోనో రాజమండ్రిలోనో చదివితే అది గతచరిత్ర. కమలాపురంలో పుట్టినవాడికి ఆ శిథిలాలు ఇంటి పెరడు. బళ్లారి కలెక్టరుగా పనిచేసిన రాబర్ట్ స్యూయెల్ విజయనగరంపై తన గ్రంథాన్ని ప్రచురించింది 1900లో. ఆ కాలంలో ఈ పతనం గురించి ఒకరు ఇంగ్లీషులో చరిత్ర రాస్తే, మరొకరు తెలుగులో నాటకం రాశారు. కొలాచలంవారికి ఇంగ్లీషు కొత్త కాదు. ప్రపంచ నాటక చరిత్ర గురించి ఆయన ఇంగ్లీషులో రాసిన గ్రంథం 1908లో వెలువడింది. అయినా నాటకానికి తెలుగునే ఎంచుకున్నారు.

ఇక్కడ నాకు స్విట్జర్లాండు నాటకకర్త, నవలాకారుడు ఫ్రీడ్రిక్ డ్యూరెన్మాట్ గుర్తుకు వస్తాడు. 1921లో బెర్న్ ప్రాంతంలో పుట్టాడు. 1952 నుంచి 1990లో మరణించేదాకా ఫ్రెంచి మాట్లాడే నెషాటెల్‌లో నివసిస్తూ జర్మనులో రాశాడు. 1949లో ప్రదర్శితమైన అతని 'మహా రోములస్' కూడా ఒక సామ్రాజ్య పతనమే. కాకపోతే అతని చక్రవర్తి కోళ్లు పెంచుకుంటూ రోమును కావాలనే కూలిపోనిస్తాడు. డ్యూరెన్మాట్ దాన్ని నవ్వులాటగా చూశాడు, కొలాచలంవారు చూడలేకపోయారు. ఇంటి పెరట్లోని శిథిలాలను చూసి నవ్వడం కష్టం. అక్కడ నెషాటెల్‌లోని అతని ఇంటి దగ్గర 2000లో అతని పేర ఒక కేంద్రం తెరిచారు. దాన్ని నడిపేది స్విస్ జాతీయ గ్రంథాలయం. ఫ్రెంచి వూళ్లో జర్మను రచయిత ఎందుకని ఎవరూ అడ్డు చెప్పలేదు.

మన దగ్గర 1953 అక్టోబరు 1న గీత గీశారు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు, బళ్లారితో సహా తక్కినవి మైసూరుకు. 1919లో మరణించిన కొలాచలంవారికి ఆ గీత తెలియదు. దాని ఫలితం మాత్రం ఆయన పుస్తకాల మీద పడింది. నేను చదువుకున్న తెలుగు పాఠాల్లో ఆయనకు దక్కింది ఒక పేరా. కన్నడ పాఠాల్లో అదీ లేదు. పక్కవాళ్లు చూసుకుంటారులే అని ఇద్దరూ వదిలేసిన రచయిత ఆయన.

2021లో కమలాపురం బళ్లారి జిల్లా నుంచి కూడా విడిపోయి, కొత్తగా ఏర్పడిన జిల్లాలోకి వెళ్లింది. ఆ జిల్లా పేరు విజయనగర.