యువ పరిశోధకుల గ్రాంటు

కొత్తగా ఉద్యోగంలో చేరిన అధ్యాపకులు, శాస్త్రవేత్తలు సొంత పరిశోధన మొదలుపెట్టడానికి కేంద్రం ఇచ్చే నిధి. 2023 చట్టంతో సైన్స్, ఇంజినీరింగ్ పరిశోధన బోర్డు (సెర్బ్) స్థానంలో వచ్చిన అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్ దీన్ని మూడేళ్లకు 60 లక్షల దాకా ఇస్తుంది. మచిలీపట్నం కృష్ణా విశ్వవిద్యాలయం వారూ దరఖాస్తు చేయవచ్చు.

దరఖాస్తును ముందు అదే రంగపు నిపుణులు చదువుతారు. ఆ అభిప్రాయాలు చూసి కమిటీ సిఫారసు చేస్తుంది. ఉదాహరణకు, దివిసీమలో నాగాయలంక మడ అడవుల నేల ఉప్పదనం కొలుస్తానంటే చాలదు. ఇప్పటిదాకా తెలియనిదేమిటి, నమూనాలు ఏ నెలల్లో తీస్తారు, పరికరం ధరెంత అన్నవీ చెప్పాలి. సంస్థలో ప్రయోగశాల ఉందా అనీ చూస్తారు. గుడివాడ లాంటి ఊళ్ల కళాశాలలకు అసలు చిక్కు అక్కడే.

డబ్బు పరిశోధకుడి చేతికి రాదు, సంస్థ ఖాతాకు వస్తుంది. వినియోగ ధ్రువపత్రం పంపితేనే తర్వాతి విడత.