గౌరాంగ్ షా

గౌరాంగ్ షా హైదరాబాదు కేంద్రంగా పనిచేస్తున్న వస్త్ర రూపకర్త. మగ్గం మీద బట్ట నేస్తుండగానే చిన్న కండెలతో అదనపు పేక పోగులను చేత్తో చొప్పించి బొమ్మ తేల్చే జాందానీ పద్ధతిలో నేయించిన చీరలు ఆయనకు దేశవ్యాప్తంగా పేరు తెచ్చాయి. కుటుంబానికి ఉన్న చీరల మ్యాచింగ్ దుకాణంలో బట్టల వ్యాపారం నేర్చుకున్న ఆయన రూపకల్పనను విద్యాలయంలో చదువుకోలేదు. 2012లో లాక్మే ఫ్యాషన్ వీక్‌లో తొలిసారి తన వస్త్రాలను ప్రదర్శించారు. ఉప్పాడ, వెంకటగిరి, కంచి వంటి నేతకేంద్రాలతో కలిసి పనిచేసే ఆయన వృత్తిలో కత్తెరకన్నా నూలుకే పెద్దపీట.

ఆయన వాడిన నూళ్లలో శ్రీకాకుళం ప్రాంతపు సన్ననూలును ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఈ నూలుకు పేరుమోసిన ఊరు పొందూరు. అక్కడ కొండపత్తి, పునాసపత్తి, ఎర్రపత్తి అనే స్థానిక రకాలను వాడతారు. వాలుగ చేప దవడ ఎముకకు వరుసగా ఉండే సన్నని పళ్లతో గింజకు అంటుకున్న పింజెను దువ్వి, నలుసులు తీసి, గింజను వేరుచేసి, దూదిని ఏకి, చుట్టిన ఏకులు నలగకుండా, దుమ్ము పడకుండా ఎండిన అరటి దొప్పలో పెట్టుకుని, ఒంటి కదురు రాట్నంపై నూలు తీస్తారు. ఇలా వడికిన నూలు నూరు కౌంటుకు పైగా పలుకుతుంది. నిర్ణీత బరువున్న నూలు ఎంత పొడవు సాగుతుందో చెప్పే కొలతే కౌంటు కాబట్టి, అది పెరిగేకొద్దీ పోగు సన్నబడుతుంది. వడికే పని ఎక్కువగా స్త్రీలదే. మగ్గానికి వచ్చే కీర్తిలో వీరి రాట్నానికి దక్కే వాటా మాత్రం స్వల్పం. గాంధీజీ దృష్టినీ ఆకర్షించిన ఈ ఖాదీ పరిశ్రమ కోసం 1949లో పొందూరులో ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం ఏర్పడింది.

గాంధీజీ 150వ జయంతి సందర్భంగా 2019లో ప్రదర్శితమైన ముప్ఫై చీరల వరుస షా కృషిలో తలమానికమైనది. రాజా రవివర్మ చిత్రాలను శ్రీకాకుళం ఖాదీ నూలుతో, సహజ రంగులతో, జాందానీ పద్ధతిలో చీర కొంగులపై నేయించారు. కుంచెతో ఒక రంగు మరో రంగులోకి కరిగిపోయేలా వేయవచ్చు గాని, మగ్గంపై ప్రతి ఛాయకూ వేరే రంగు అద్దిన పోగు కావాలి. అందువల్ల ముఖంలోని వెలుగునీడలు చూపడానికి అద్దకపు పనివారూ నేతగాళ్లూ పడిన శ్రమ అంతాఇంతా కాదు. ఇంత చేసినా అది చీరేనా, గోడకు వేలాడదీసే పటమా అన్న సందేహం మిగులుతుంది.

నటి సావిత్రి జీవితంపై 2018లో వచ్చిన ‘మహానటి’ చిత్రానికి గాను ఇంద్రాక్షి పట్నాయక్, అర్చనా రావులతో కలిసి ఆయన ఉత్తమ వస్త్రాలంకరణకు జాతీయ పురస్కారం అందుకున్నారు. అలనాటి చీరలను నేటి మగ్గంపై తిరిగి నేయించడం ఈ చిత్రంలో ఆయన వంతు పని.

స్థానిక వస్త్రాన్ని ఆధునిక వేదిక మీదికి తెచ్చిన రూపకర్తల్లో పశ్చిమ ఆఫ్రికాలోని మాలీ దేశస్థుడు క్రిస్ సేదూ (1949–1994) ఆయనతో పోల్చదగినవాడు. బురదతో రంగులద్దే బోగొలాన్ బట్టను సేదూ కోటులుగా, పొట్టి గౌనులుగా కత్తిరించి కుట్టగా, షా ఎక్కువగా బట్టను కత్తిరించకుండా చీరగానే ఉంచారు.