సీటు పుట్టిన కథ

లక్డీకాపూల్‌లో ఏ సర్కారీ ఆఫీసుకైనా వెళ్లి మన ఫైలు ఎక్కడుందని అడగండి. ‘ఎవరి దగ్గర?’ అనరు, ‘ఏ సీటు?’ అంటారు. బీ-3 అని చెబితే, ‘బీ-3 ఇవాళ లీవు, రేపు రండి’ అని జవాబు. సీటు లీవు పెట్టడమేమిటని మనకు నవ్వొస్తుంది. చెప్పినాయనకు రాదు. ఆయన కూడా ఒక సీటే.

మనిషి కంటే ముందు సీటు ఎలా వచ్చి కూర్చుందో తెలియాలంటే ఈ చుట్టుపక్కల భవనాల్నే అడగాలి. లక్డీకాపూల్ అంటే కట్టెవంతెన. కట్టె పోయింది, పేరు మిగిలింది. ఇక్కడి ఆఫీసులదీ కాస్త అదే వరస, కట్టింది ఒకందుకు, వాడింది ఇంకొకందుకు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ 1888లో సైఫాబాద్ ప్యాలెస్ కట్టించాడు. చూడ్డానికి వస్తుంటే ఉడుము అడ్డం వచ్చిందనీ, అపశకునమని వెనక్కి తిరిగిపోయాడనీ ఓ కథ. అందులో నిజమెంతో గానీ, మేడలో చివరికి కాపురం పెట్టినవి ఫైళ్లు. సచివాలయంలో జీ బ్లాకుగా బతికి, 2020లో మిగతా బ్లాకులతో పాటే నేలమట్టమైంది. ఇటు పబ్లిక్ గార్డెన్స్ దగ్గర 1913లో పూర్తయిన టౌన్‌హాలు అసెంబ్లీ అయింది.

దర్బారు తీరుగా కట్టిన హాల్లో గుమాస్తా ఎక్కడ కూర్చోవాలో ఏ మేస్త్రీ ఆలోచించి ఉండడు. ఎత్తయిన కప్పు, మూరెడు మందం గోడలు మే నెలలో కాపాడేవి, ఆ మేలు మరవకూడదు. కానీ హాలును సెక్షన్లుగా విడగొట్టాల్సి వచ్చినప్పుడు గోడలకు బదులు బీరువాలు నిలబెట్టారు. దఫ్తర్ అన్న ఫార్సీ మాటకు అసలు అర్థం రిజిస్టరు. రిజిస్టర్లుండే చోటుకు ఆ పేరు తర్వాత వచ్చింది. అంటే కాగితం ఇంటి యజమాని, గుమాస్తా అద్దెకున్నవాడు.

ఈ అద్దెదారుకు నంబరు తగిలించిన కథ మద్రాసు ప్రెసిడెన్సీది. అక్కడి జిల్లా కచేరీల్లో టోటెన్‌హామ్ పద్ధతి అని ఒకటి నడిచింది. వచ్చిన ప్రతి తపాలుకూ ఒక నంబరు పడుతుంది, అప్పుడది ‘కరెంటు’ అవుతుంది. అది ఏ గుమాస్తాకు చేరిందో డిస్ట్రిబ్యూషన్ రిజిస్టరు చెబుతుంది, ఆయన దాన్నేం చేశాడో పర్సనల్ రిజిస్టరు చెబుతుంది. మనుషులు బదిలీ అవుతారు, రిటైరవుతారు, కాగితం మాత్రం దారి తప్పకూడదు. అందుకని సెక్షనుకు అక్షరం, అందులో కూర్చునేవాడికి అంకె. సీటు అన్న మాట ఆ రిజిస్టర్లలోంచే నడిచొచ్చిందని నా నమ్మకం. పేరు పర్సనల్ రిజిస్టరే గానీ, అందులో పర్సన్ ఉండడు.

మా నాన్న ఈ చుట్టుపక్కలే ఓ ఆఫీసులో యూడీసీ గుమాస్తాగా ఇరవై ఏళ్లకు పైగా ఒకే గదిలో కూర్చున్నారు. నా బడి సెలవుల్లో నన్ను వెంటబెట్టుకుని వెళ్లేవారు. టేబుల్ మీద ఆకుపచ్చ బనాతు, దాని మీద మూల విరిగిన గాజు పలక. గాజు కింద వెంకన్న బొమ్మ, బస్ పాసు, నా మూడో తరగతి ఫొటో, ఇంక్రిమెంట్ లెక్క రాసుకున్న చీటీ. కుర్చీ కేన్ అల్లిక ఊడిపోతే ఇంటినుంచి దిండు తీసుకెళ్లారు. ఫ్యాను సరిగ్గా నెత్తిన తిరిగేది కాబట్టి నాలుగు పేపర్‌వెయిట్లు. వెనక నిలువెత్తు ఇనప బీరువా. దాని వెనక కిటికీ ఉండాలి, ఎందుకంటే పొద్దుటిపూట బీరువా అంచు చుట్టూ సన్నటి వెలుగు గీత కనబడేది. బీరువా జరిపించమని ఆయన ఎన్నిసార్లు నోట్ పెట్టారో. ఆఫీసర్ గదికి మాత్రం రెండు కిటికీలు, కుర్చీకి తెల్ల తువ్వాలు. ఇంటికొచ్చాక నాన్న మెడ పట్టేసిందని జండూబామ్ రాయించుకునేవారు. అదీ జీతంలో భాగమే అనుకునేవాళ్లం.

అమెరికాలో గుమాస్తా మెడ గురించి గట్టిగా ఆలోచించినవాడు రాబర్ట్ ప్రాప్‌స్ట్. హెర్మన్ మిల్లర్ ఫర్నిచర్ కంపెనీ కోసం 1964లో యాక్షన్ ఆఫీస్ అనే బల్లల వరస తెచ్చాడు. మనిషి కాసేపు కూర్చోవాలి, కాసేపు నిలబడాలి, అటూ ఇటూ తిరగాలి అన్నది ఆయన ఊహ. ఖరీదెక్కువై అమ్ముడు పోలేదు. 1968లో జరుపుకునే అడ్డుపలకలతో రెండో రకం తీశాడు. వాటిని వెడల్పు కోణంలో విప్పి పెట్టమన్నాడు. కొన్నవాళ్లు మూల మట్టానికి బిగించి, ఆ జాగాలోనే ఇంకో నలుగురిని ఇరికించారు. అలా పుట్టిందే క్యూబికల్. ప్రాప్‌స్ట్ తర్వాత చాలా బాధపడ్డాడు. ఆయన బాధ హైదరాబాదు దాకా రాలేదు, క్యూబికల్ మాత్రం వచ్చింది. 1998లో సైబర్ టవర్స్ తెరుచుకున్నాక హైటెక్ సిటీ దాంతోనే నిండింది. తర్వాత పలకలూ తీసేసి, అందరూ కలిసిపోతారని బారు బల్లలు వేశారు. రెండు పెద్ద కంపెనీల్లో అలా గోడలు తీసేసినప్పుడు ఏమైందో బెర్న్‌స్టీన్, టర్బన్ అనే పరిశోధకులు కొలిచి 2018లో రాశారు. ఎదురెదురు మాటలు దాదాపు 70 శాతం పడిపోయాయి, ఈమెయిళ్లు పెరిగాయి. పది మంది చూస్తుంటే ఎవరైనా చెవులకు హెడ్‌ఫోన్లే పెట్టుకుంటారు.

మా మేనల్లుడు గచ్చిబౌలిలో పనిచేస్తాడు. రోజూ పొద్దున్నే ఫోన్లో సీటు బుక్ చేసుకుంటాడు, హాట్ డెస్కట. నాన్నకు సీటుంది, కిటికీ లేదు. వీడికి గోడంతా కిటికీయే, సీటు లేదు.

మంచి ఆఫీసు కట్టడం మనవాళ్లకు రాదనుకోకండి. 2004 జులై 14న రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించిన సీఐఐ-గోద్రెజ్ భవనం హైటెక్ సిటీ దగ్గరే ఉంది. కరణ్ గ్రోవర్ గీసిన నక్షా. గుండ్రటి ఇల్లు, నడిమధ్య ఖాళీ ప్రాంగణం, గాలిని చల్లబరిచే బురుజులు, జాలీ గోడలు, కప్పు మీద పచ్చిక. అమెరికా బయట, పచ్చని కట్టడాలకిచ్చే లీడ్ ప్లాటినం గుర్తింపు అందుకున్న మొదటి భవనం అదే. నాకు నచ్చింది ఆ బిరుదు కాదు. మన మండువా ఇంటి ఉపాయంతో పగటి వెలుగును లోపల కూర్చున్నవాడి బల్ల దాకా తెచ్చారు, అది నచ్చింది.

రిటైరైన ఏడాదికి పెన్షన్ కాగితం కోసం నాన్న మళ్లీ ఆ గదికి వెళ్లారు, నేనూ ఉన్నాను. ఆ సీటులో కొత్త కుర్రాడు. తూర్పు ముఖంగా కూర్చోమని వాస్తు సిద్ధాంతి ఎవరో చెప్పారట, టేబుల్ తిప్పి బీరువా పక్కకు జరిపించాడు. కిటికీ బయట వేపచెట్టు. నాన్న చాలాసేపు చూశారు. ఫ్యాను మాత్రం పాతచోటే ఉంది, ఎవరి నెత్తినా కాకుండా బీరువా మీద తిరుగుతోంది.