పసిపిల్లల లెక్క - పట్టణాల బాధ్యత

పట్టణానికి ఎన్ని నీళ్ల ట్యాంకులు కావాలో, ఏ గల్లీకి ఎన్ని వీధి దీపాలు వేయాలో లెక్క కట్టే పద్ధతి మన మున్సిపాలిటీలకు బాగా తెలుసు. కాని ఒక మొహల్లాలో ఆరేళ్ల లోపు పిల్లలు ఎంతమంది, వారి తల్లులు ఏ పనికి పోతున్నారు, పోయిన తల్లి ఇంటికి తిరిగి వచ్చేదాకా ఆ పిల్లను ఎవరు కనిపెట్టి చూస్తున్నారు అని అడిగి చూడండి. జవాబు చెప్పగల రిజిస్టరు అంత తేలికగా దొరకదు. ఈ లెక్క వేయడం మన దేశంలో ఎట్లా మొదలైంది, ఎంత దూరం వచ్చింది, జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వంటి ఊళ్లలో ఎక్కడ ఆగిపోతోంది అన్నది ఈ వ్యాసంలో మన సొసైటీ సభ్యుల ముందు, వారి కుటుంబాల ముందు ఉంచదలచాను.

పాత రోజుల్లో ఈ ప్రశ్నే ఉండేది కాదని కొందరు పెద్దలు అంటారు. ఇంట్లో దాదీ ఉండేది, నానీ ఉండేది, పక్కింటి ఫూఫీ ఉండేది, పిల్ల ఎవరో ఒకరి ఒడిలో పెరిగిపోయేది. ఇది కొంతవరకే నిజం. కూలికి పోయిన తల్లులు చెట్టు కొమ్మకు చీర ఉయ్యాల కట్టి, ఏడెనిమిదేళ్ల అక్కను కాపలా పెట్టి పనిచేసిన సంగతి కూడా అందరికీ తెలిసిందే. ఆ అక్క చదువు అక్కడే ఆగిపోయేది. అంటే పసిపిల్లల పోషణ ఖర్చు అప్పుడూ ఉంది. కాకపోతే దాన్ని ఆ ఇంటి ఆడపిల్ల తన బడి మానుకొని చెల్లించింది.

ఈ బాధ్యత ఒక్క ఇంటిది మాత్రమే కాదు, సమాజానిది కూడా అని గుర్తించినవారిలో మన తెలుగు బిడ్డ దుర్గాబాయి దేశ్‌ముఖ్ ముందువరుసలో ఉంటారు. 1909లో రాజమండ్రిలో పుట్టిన ఆమె 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభను స్థాపించారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడినప్పుడు దానికి మొదటి అధ్యక్షురాలు ఆమే. ఆ బోర్డు సాయంతో పల్లెల్లో బాల్వాడీలు వెలిశాయి. అంతకు ముందే 1945లో మహారాష్ట్ర తీరంలోని బోర్డీ గ్రామంలో తారాబాయి మోదక్ పేద పిల్లల కోసం బాల్వాడీ పనికి శ్రీకారం చుట్టారు. పిల్లలు బడికి రాకపోతే బడే పిల్లల వాకిట్లోకి పోవాలన్నది ఆమె ఆలోచన. అంగన్ అంటే వాకిలి, ముంగిలి. అంగన్‌వాడీ అన్న మాటకు మూలం అదే.

మన ప్రాంతం వరకు చూస్తే హైదరాబాదు పాతబస్తీ నుంచి శాసనసభకు ఎన్నికైన మాసూమా బేగం గారిని తలచుకోవాలి. 1960లో ఆమె ఆంధ్రప్రదేశ్ సాంఘిక సంక్షేమ మంత్రి అయ్యారు. ఒక ముస్లిం మహిళ ఆ రోజుల్లోనే ఈ శాఖను చేపట్టారన్న సంగతి మన పిల్లలకు చెప్పవలసిన విషయం.

ఇక నగరం తానే పూనుకొని బస్తీల అవసరాలు కనుక్కున్న ఉదాహరణ ఏదైనా ఉందా అంటే, ఉంది. దానికోసం దూరం పోనక్కరలేదు. 1967లో హైదరాబాదు నగరపాలక సంస్థ అర్బన్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్ పేరుతో ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. మొదట ఒక ప్రాంతంలో ప్రయోగంగా నడిపి, ఫలితం చూసి మిగతా బస్తీలకు విస్తరించారు. దాని పద్ధతి ఏమిటంటే, ఆఫీసులో కూర్చొని పథకం రాయకుండా సామాజిక కార్యకర్తలు బస్తీలో తిరుగుతారు. మీకు ఏం కావాలి అని అక్కడి వారినే అడుగుతారు. ఆ కోరికల్లో ముఖ్యమైనది ఏదో బస్తీవారే తేల్చుకుంటారు. తమవంతుగా కొంత శ్రమో, జాగానో, సొమ్మో కలుపుతారు. మిగతాది కార్పొరేషను చూస్తుంది. అట్లా అడిగినప్పుడు చాలా బస్తీల నుంచి వచ్చిన కోరికల్లో బాల్వాడీ ఒకటి, ఆడవారికి కుట్టుపని నేర్పే కేంద్రం ఒకటి. ఈ రెండూ విడివిడి కోరికలు కావని గమనించండి. పిల్లను చూసే చోటు ఉంటేనే తల్లి మిషను ముందు కూర్చోగలదు.

ఈ పనికి 1970ల నడుమ యూనిసెఫ్ సాయం అందింది. 1980లలో బ్రిటిష్ ప్రభుత్వ సహాయం తోడై మురికివాడల అభివృద్ధి పథకంగా పెరిగింది. 1988లో విశాఖపట్నంలోనూ అటువంటిదే మొదలైంది. బయటి సొమ్ము వచ్చినకొద్దీ రోడ్లు, మోరీలు పెరిగాయి. ఇవి అవసరమే. కాని కాంక్రీటుకు ఒకసారి ఖర్చు పెడితే చాలు, బాల్వాడీ టీచరుకు మాత్రం నెలనెలా జీతం కావాలి. బయటి సాయంతో మొదలైన ఏ పనికైనా చివరకు ఎదురయ్యే ప్రశ్న ఇదే.

ఇంతలో దేశం మొత్తానికి వేరొక దారి ఏర్పడింది. 1974 ఆగస్టులో జాతీయ బాలల విధానం వచ్చింది. 1975 అక్టోబర్ 2న గాంధీ జయంతి నాడు 33 ప్రాజెక్టులతో సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం, అంటే మనం ఐ.సి.డి.యస్. అని పిలిచే పథకం ప్రారంభమైంది. పౌష్టికాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్ష, పై ఆసుపత్రికి పంపడం, ఆటపాటల చదువు, తల్లులకు ఆరోగ్య బోధ, ఈ ఆరూ ఒకేచోట దొరకాలన్నది దాని ఉద్దేశం. 2025తో ఆ పథకానికి యాభై ఏళ్లు నిండాయి.

ఎక్కడ కేంద్రం పెట్టాలి అన్నదానికి మొదట్లో పెట్టుకున్న కొలత చాలా సాదాగా ఉండేది. మైదాన ప్రాంతంలోనూ, పట్టణంలోనూ వెయ్యి జనాభాకు ఒకటి, గిరిజన ప్రాంతంలో 700 జనాభాకు ఒకటి. లెక్క సులువే, కాని ఇందులో ఒక చిక్కుంది. మహబూబాబాద్ వైపు చూడండి. మన పెద్దలు మానుకోట అని పిలిచే ఆ పట్టణం చుట్టూ ఎన్నో లంబాడీ తండాలు. ఒక్కో తండాలో జనం కొద్దిమందే. వెయ్యి లెక్క చూస్తే మూడు నాలుగు తండాలు కలిస్తేగాని ఒక కేంద్రం రాదు. కేంద్రం ఒక తండాలో ఉంటే పక్క తండా పిల్ల వాగు దాటి పోలేదు. కాగితం మీద కేంద్రం ఉన్నట్టే, పిల్లకు మాత్రం లేనట్టే.

ఈ కొలతను తర్వాత మార్చారు. 400 నుంచి 800 జనాభాకు ఒక కేంద్రం, గిరిజన ప్రాంతంలో 300 నుంచే ఒక కేంద్రం, 150 మంది ఉన్న చిన్న ఆవాసానికి మినీ అంగన్‌వాడీ అన్నారు. దీని వెనుక సుప్రీంకోర్టు ఒత్తిడి ఉంది. ఆహార హక్కు గురించి 2001లో పి.యు.సి.యల్. సంస్థ వేసిన దావాలో కోర్టు వరుసగా ఉత్తర్వులిచ్చింది. వాటిలో 2006 డిసెంబర్ 13 నాటి ఉత్తర్వు మనకు ముఖ్యం. ఏ పల్లెలోగాని, ఏ మురికివాడలోగాని ఆరేళ్ల లోపు పిల్లలు కనీసం 40 మంది ఉండి అంగన్‌వాడీ లేకపోతే, అక్కడివారు అడిగిన నాటి నుంచి మూడు నెలల లోపల కేంద్రం పెట్టాలని ఆ ఉత్తర్వు చెప్పింది. అంతదాకా సర్కారు లెక్క వేసి ఇచ్చేది. ఆ రోజు నుంచి ప్రజలు తామే లెక్క వేసి అడిగే హక్కు వచ్చింది.

అదే 2006 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం అల్పసంఖ్యాక వర్గాల కోసం ప్రధానమంత్రి కొత్త 15 సూత్రాల కార్యక్రమం ప్రకటించింది. అందులో మొట్టమొదటి సూత్రమే ఐ.సి.డి.యస్. సేవలు న్యాయంగా అందాలన్నది. మైనారిటీలు ఎక్కువగా ఉండేచోట తగినన్ని ప్రాజెక్టులు, కేంద్రాలు పెట్టాలన్నారు. స్కాలర్‌షిప్పుల సంగతి మనవారందరికీ తెలుసు, అప్లికేషన్లు పెట్టుకుంటూనే ఉన్నాం. కాని మొదటి సూత్రం పసిపిల్లల గురించి అని తెలిసినవారు మనలో ఎందరు?

తెలంగాణ రాష్ట్రంలో మెయిన్, మినీ కేంద్రాలు కలిపి 35,700 అంగన్‌వాడీలు ఏర్పడ్డాయి. 2015 జనవరి 1 నుంచి ఆరోగ్యలక్ష్మి పేరుతో గర్భిణీలకు, బాలింతలకు కేంద్రంలోనే ఒకపూట నిండు భోజనం పెట్టడం మొదలైంది. 2016 అక్టోబర్ 11న పాత వరంగల్ జిల్లాను విడదీసినప్పుడు జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి మూడూ జిల్లా కేంద్రాలయ్యాయి. జిల్లా కేంద్రం అంటే కలెక్టరేటు ఒక్కటే రాదు. కొత్త కాలనీలు, అద్దె ఇళ్లు, భవన నిర్మాణ కూలీలు, దుకాణాల్లో పనిచేసే ఆడవారు, అందరూ వస్తారు. వారితో పసిపిల్లలూ వస్తారు.

మరి వీరిని లెక్కించేది ఎవరు? అంగన్‌వాడీ టీచరమ్మ ఇల్లిల్లూ తిరిగి కుటుంబ సర్వే రాస్తుంది. గర్భిణీలు, బాలింతలు, ఆరు నెలల లోపు శిశువులు, మూడేళ్ల లోపు వారు, మూడు నుంచి ఆరేళ్ల వారు, ఇట్లా వేరువేరుగా లెక్కిస్తుంది. 2021 నుంచి ఇది పోషణ్ ట్రాకర్ అనే ఫోను పద్ధతిలోకి మారింది. ఇంత శ్రమపడి రాసే ఇంకో రిజిస్టరు మన ఊళ్లలో లేదు. అయినా తాళం వేసిన ఇల్లు, నెలకోసారి మారే కిరాయిదారు, పురుటికి పుట్టింటికి పోయిన కోడలు లెక్కలో జారిపోతారు. ఇక జనాభా లెక్కలు చూద్దామంటే, మన చేతిలో ఉన్నవి 2011 నాటివి. 2021లో జరగవలసినవి జరగలేదు, తరువాతి లెక్కలకు 2027 మార్చి 1 తేదీగా నిర్ణయించారు. 2011లో ఉయ్యాలలో ఉన్న పిల్ల ఇప్పుడు కాలేజీ ఈడుకు వచ్చింది. ఆ అంకెలతో నేటి ఉయ్యాలలు లెక్కపెట్టగలమా?

ఇంకొక విచిత్రం ఉంది. 1992లో రాజ్యాంగాన్ని సవరించి పంచాయతీలకు 29 అంశాలు, మున్సిపాలిటీలకు 18 అంశాలు రాశారు. పంచాయతీల జాబితాలో స్త్రీ శిశు అభివృద్ధి పేరు పెట్టి ఉంది. మున్సిపాలిటీల జాబితాలో లేదు! సామాజిక అభివృద్ధి ప్రణాళిక, బలహీనవర్గాల రక్షణ, మురికివాడల మెరుగుదల అన్నవి మాత్రం ఉన్నాయి. అందుచేత పట్టణంలో పసిపిల్లల సంగతి శిశు సంక్షేమ శాఖది, మున్సిపాలిటీది కాదు అన్నట్టు అయిపోయింది. ఇతర దేశాల్లో అట్లా లేదు. ఇంగ్లండులో 2006 నాటి చట్టం పనిచేసే తల్లిదండ్రుల పిల్లలకు సరిపడా సంరక్షణ ఉండేలా చూసే బాధ్యతను స్థానిక సంస్థల మీదనే పెట్టింది. అక్కడా ఈ తెలివి ఒక్కరోజులో రాలేదు. రెండో ప్రపంచయుద్ధంలో ఆడవారు ఫ్యాక్టరీలకు కావలసి వచ్చినప్పుడు శిశుశాలలు తెరిచారు, యుద్ధం అయిపోగానే చాలావాటిని మూసేశారు. అవసరం తల్లిది అయినప్పుడు కాక, దేశానిది అయినప్పుడే తలుపులు తెరుచుకున్నాయన్నమాట.

మన చట్టాలూ ఇటువంటివే. 1948 ఫ్యాక్టరీల చట్టం, 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజనాల చట్టం శిశుశాల పెట్టమని చెప్పాయి. కాని ఒక యజమాని దగ్గర ఇంతమంది పనిచేస్తే అన్న షరతు మీద. భూపాలపల్లి సింగరేణి గనుల ఊరు, పక్కనే చెల్పూరులో విద్యుత్ కేంద్రం. పెద్ద యజమాని రిజిస్టరులో పేరున్నవారికి చట్టం కనబడుతుంది. ఆ కాలనీల చుట్టూ ఇళ్లలో పనిచేసే తల్లికి, కూరగాయలమ్మే తల్లికి ఏ చట్టం కనబడుతుంది? జనగామలో ఇంట్లో కూర్చొని మిషను కుట్టే తల్లికి యజమాని ఎవరు? ఆమె ఇంట్లోనే ఉంది కదా, పిల్లను చూసుకుంటుంది అంటారు. సూది కింద చేయి, పొయ్యి మీద గిన్నె, గడప దగ్గర పాకే పిల్ల, ఎన్ని చూస్తుంది?

అంగన్‌వాడీలో మూడేళ్లు దాటిన పిల్లకు కూర్చునే చోటు ఉంది. అంతకన్నా చిన్నపిల్లకు ఇంటికి పంపే బాలామృతం ఉంది గాని, రోజంతా చూసేవారు లేరు. ఈ లోటు తీర్చడానికే 2006లో రాజీవ్ గాంధీ జాతీయ శిశుశాలల పథకం వచ్చింది. అదే 2022లో పాల్నా అయి, అంగన్‌వాడీలోనే శిశుశాల నడపవచ్చునన్న ఏర్పాటు తెచ్చింది. ఆరు నెలల నుంచి ఆరేళ్ల పిల్లల వరకు ఇందులో ఉంటారు. అడిగినచోటికే ఇటువంటివి ముందు వస్తాయి. లెక్క లేకుండా అడిగితే ఎవరూ ఆలకించరు.

కాబట్టి నా మనవి ఇది. మన మూడు పట్టణాల్లో సొసైటీ సభ్యులు తమ తమ మొహల్లాల్లో ఒక్క ఆదివారం కేటాయించాలి. మనవారి ఇళ్లు, ఇతరుల ఇళ్లు అని చూడకుండా గల్లీ మొత్తం రాయాలి, ఎందుకంటే 40 మంది పిల్లలు ఏ ఒక్క మతంవారూ కానక్కరలేదు. ఆరు విషయాలు రాస్తే చాలు: పిల్ల వయస్సు, తల్లి చేసే పని, పనికి పోయే వేళ, ఇప్పుడు పిల్లను చూసేదెవరు, దగ్గరి అంగన్‌వాడీ ఎంత దూరం, ఇంట్లో మాట్లాడే భాష. చివరిది చిన్న విషయం అనుకోవద్దు. ఇంట్లో ఉర్దూయో, లంబాడీయో తప్ప ఎరుగని మూడేళ్ల పిల్లకు మొదటిరోజు కేంద్రంలో ఒక్క తెలిసిన మాట వినబడితే రెండోరోజు ఏడవకుండా వస్తుంది. రాసేటప్పుడు ఆ వాడ టీచరమ్మను తప్పక కలుపుకోవాలి. ఆమె మీద తనిఖీకి వచ్చినట్టు కాక, ఆమె పనికి చేయి కలిపినట్టు ఉండాలి. తయారైన కాగితం ఒక ప్రతి ప్రాజెక్టు అధికారికి, ఒక ప్రతి వార్డు కౌన్సిలరుకు, ఒక ప్రతి కలెక్టరు గారి ప్రజావాణికి ఇవ్వాలి. జాగా అడిగితే చూపడానికి మన కమ్యూనిటీ హాలు గదులు ఉండనే ఉన్నాయి. పగలంతా అవి తాళం వేసే ఉంటున్నాయి కదా!

కమ్యూనిటీ హాళ్లకు, పెళ్లిళ్లకు, వైద్య సాయానికి మన సొసైటీలు చందాలు పోగుచేశాయి. ఈ పనికి చందా అక్కరలేదు. ఒక నోటుపుస్తకం, ఒక కలం, నలుగురు ఆడవారు, నలుగురు యువకులు చాలు. లెక్కలోకి రాని పిల్లకు గుడ్డూ రాదు, టీకా రాదు, పలకా రాదు. ముందు లెక్కలోకి తెద్దాం, తర్వాత హక్కుగా అడుగుదాం.