మగచొక్కా – ఆడలెక్క

మొన్న మా మేనకోడలు బట్టల కొట్టుకెళ్లి నీలం గళ్ల నూలు చొక్కా ఒకటి కొనుక్కొచ్చింది. మడత విప్పి చూద్దును గదా, గుండీలు కుడివైపున ఉన్నాయి!

"ఇది మగవాళ్ల చొక్కా కదే?" అన్నాను.

"అవునత్తా. ఆడవాళ్ల వైపు ఇంతకంటే పల్చటి గుడ్డకి ఇంతకంటే ఎక్కువ చెప్పాడు. పైగా దానికి జేబు కూడా లేదు" అంది.

మా అన్నయ్య "కాలం మారిపోయింది" అని నిట్టూర్చాడు. ఏం మారలేదు సుమండీ! ఈ లెక్కే దాదాపు రెండు వందల ఏళ్ల క్రితం పారిస్‌లో ఒక ఇల్లాలు వేసింది. తర్వాత జార్జి శాండ్ అనే మగపేరుతో నవలలు రాసి యూరప్ అంతా పేరు తెచ్చుకున్నది ఆవిడే.

1831 జనవరిలో, 26 ఏళ్ల వయసులో, భర్తతో పొసగక ఆవిడ పల్లెటూరి నుంచి పారిస్ చేరింది. భర్త ఏడాదికి 3,000 ఫ్రాంకులు ఇచ్చేట్టు ఒప్పందం. పారిస్‌లో ఆడది ఆడదానిలా బతకాలంటే 25,000 ఆదాయమైనా ఉండాలని నవలాకారుడు బాల్జాక్ ఆవిడతో అన్నాడట. ఆ మాటలో అతిశయోక్తి ఎంతున్నా, బట్టల విషయంలో మాత్రం నిజమేనని ఆవిడకి త్వరలోనే తెలిసొచ్చింది. పల్లెలో మందపాటి చెక్కజోళ్లతో బురదలో నడిచిన మనిషి. పట్నపు రాళ్లబాట మీద నాజూకు ఆడజోళ్లు రెండు రోజులకే పగిలిపోయేవి. నేల మీద జీరాడే గౌను ఎత్తి పట్టుకు నడవడం చేతయ్యేది కాదు. చూరునీళ్లకి మఖమల్ టోపీలు నానిపోయేవి. వీటికి తోడు పడిశం.

తల్లితో మొరపెట్టుకుంది. ఆ తల్లి దగ్గర మందు సిద్ధంగా ఉంది. తను కొత్తగా కాపరం పెట్టి డబ్బుకి కటకటలాడే రోజుల్లో మొగుడే తనకి మగపిల్లాడి దుస్తులు తొడిగించాడట. తన తోడబుట్టింది కూడా అదే పని చేసిందట. ఎక్కడికైనా మగవాళ్ల వెంట నడిచి వెళ్లడమే. సంసారం ఖర్చు సగానికి సగం తగ్గిందట!

అమ్మాయి ఆ సలహా పాటించింది. ఆ రోజుల్లో మగవాళ్ల కోట్లు మడమల దాకా, నడుము ఆనవాలు లేకుండా ఉండేవి. ఎవరు తొడుక్కున్నా సరిపోయేవి. ముతక బూడిదరంగు గుడ్డతో కోటు, అదే గుడ్డతో పంట్లాము, వెయిస్టుకోటు కుట్టించుకుంది. బూడిదరంగు టోపీ, మెడకి ఉన్నిగుడ్డ. కాలేజీలో కొత్తగా చేరిన కుర్రాడే! అన్నిటికంటే బూట్లని చూసి మురిసిపోయింది. వాటి మడమలకి ఇనప లాడాలు. వాటితోనే పడుకోవాలనిపించిందని రాసుకుంది పాపం.

ఇహ వానా లేదు, రాత్రీ లేదు. ఊరి ఈ కొస నుంచి ఆ కొసకి నడక. పత్రికకి రాసి బతకాలంటే నాటకాలు చూడాలి కదా! నాటకశాలలో చవకగా దొరికే నేలటిక్కెట్టు మగవాళ్లకే ఇచ్చేవారు. ఆ కోటుతో అదీ దొరికింది.

ఇంతా చేసి, ఆ పని చట్టవిరుద్ధం. మగదుస్తులు తొడుక్కోదలచిన ఆడవాళ్లు వైద్యుడి పత్రం చూపించి పోలీసుల దగ్గర అనుమతి చీటీ పుచ్చుకోవాలని పారిస్‌లో 1800 నవంబరు 7న ఉత్తర్వు వచ్చింది. గుర్రాల సంతని బొమ్మకట్టి 1853లో ప్రదర్శించిన చిత్రకారిణి రోజా బొనేర్ అలాంటి చీటీలు తీసుకున్నదే. 1857 నాటి చీటీకి ఆరు నెలలే గడువు. అందులో చూపిన కారణం ఆరోగ్యం! సైకిలు హ్యాండిలో, గుర్రం కళ్లెమో చేతిలో ఉంటే పంట్లాముకి దోషం లేదని 1892, 1909లలో సడలించారు. ఆ ఉత్తర్వు ఇక చెల్లదని ప్రభుత్వం తేల్చి చెప్పింది ఎప్పుడనుకున్నారు? 2013లో!

జార్జి శాండ్‌ని తిరుగుబాటుదారు అంటారు. నిజమే కావచ్చు. కాని ఆవిడ మొదటి అడుగు పద్దుపుస్తకంలో పడింది. రెండు రోజులకి పగలని జోడు కావాలనుకుంది. అది మగవాళ్ల అంగట్లో దొరికింది.

ఇప్పుడు మాత్రం? 2015లో న్యూయార్కు నగర వినియోగదారుల శాఖ ధరలు పోల్చి చూస్తే, పెద్దవాళ్ల బట్టల్లో ఆడవాళ్లవి సగటున 8 శాతం ఎక్కువ. 2018లో అమెరికాలో ఒక పత్రిక వారు జీన్సు ప్యాంట్లు కొలిస్తే, ఆడవాళ్ల ముందుజేబు మగవాళ్ల దానికంటే 48 శాతం పొట్టి. డబ్బు ఎక్కువిచ్చుకున్నా, ఆ డబ్బు దాచుకునే చోటు తక్కువన్నమాట!

ఈ కథంతా విని మేనకోడలు నవ్వి, ఫోనూ తాళంచెవీ కొత్త చొక్కా జేబులో వేసుకుని బయల్దేరింది.

"ఈసారి వెళ్లినప్పుడు నాకూ ఒకటి పట్రావే, పొడుగు చేతులది" అన్నాను వెనక నుంచి.

అన్నయ్య పేపరు అడ్డం పెట్టుకున్నాడు.