బొగ్గుబాయి పక్కన నిద్ర: మంచె మీది కేక నుంచి ఇయర్‌ఫోన్ల దాకా

హాస్టళ్లలో ఉండే మన పిల్లల్లో చాలామందికి ఇప్పుడు చెవిలో ఏదో ఒకటి మోగకపోతే నిద్ర పట్టదు. ఒకరికి వాన చప్పుడు కావాలె, ఒకరికి పాత సినిమా పాటలు, ఇంకొకరికి ఎవరో చెప్పే దయ్యాల కథ. ఇంటికి పోతే పెద్దోళ్లు తిడతరు. "మా కాలంల ఇవన్నీ ఉన్నయా? పడుకుంటే పడుకున్నట్టే" అంటరు. ఈ మాట ఎంతవరకు నిజమో చూద్దామనే ఈ పోస్టు. రామగుండం, గోదావరిఖని నడుమ పెట్టుకుని, పైన ఆదిలాబాద్ అడవి, కింద మణుగూరు దాకా మన బొగ్గు బెల్టులో మనుషులు ఏ చప్పుడు వింటూ నిద్రపోయారు అన్నది విషయం. ముందే చెప్తున్నా, నిశ్శబ్దంలో నిద్రపోయిన తరం నాకైతే ఎక్కడా దొరకలేదు.

బొగ్గు రాకముందు నుంచి మొదలుపెడదాం. జొన్న కంకి పట్టిన దగ్గర్నుంచి కోత దాకా రాత్రి కాపలా లేకుంటే పంటంతా అడవి పందులకే. చేను మధ్యలో మంచె, కింద నెగడు, చేతిలో డబ్బానో డప్పో. ఒక మంచె మీద నుంచి కేక వేస్తే పక్క చేను మంచె మీద నుంచి ఇంకో కేక. నిద్ర రాకుండా పాట. ఆ పాట పాడేటోనికి మెలకువ కోసం, వినేటోళ్లకు నిద్ర కోసం. గూడెంలో పడుకున్నోళ్లకు ఆ కేకలు వినబడినంతసేపు నిశ్చింత. చాలాసేపు వినబడకపోతే ఎవరో ఒకరు లేచి కూర్చుంటరు.

ఇది మన దగ్గరి ముచ్చటే కాదు. టాంజానియాలో వేట మీద, దుంపల మీద బతికే హాద్జా అనే తెగ ఉంది. 2017లో వాళ్ల నిద్ర మీద ఒక పరిశోధన వచ్చింది. 33 మంది పెద్దవాళ్ల చేతులకు చిన్న పరికరాలు కట్టి 20 రోజులు కొలిచారు. ఆ 20 రోజులు మొత్తం కలిపితే అందరూ ఒకేసారి నిద్రలో ఉన్న సమయం 18 నిమిషాలే! ఎప్పుడు చూసినా ఎవరో ఒకరు మెలకువగానే ఉన్నారు. ముసలోళ్లు తొందరగా పడుకుని తొందరగా లేస్తే, పడుచోళ్లు ఆలస్యంగా పడుకున్నారు. చప్పుడు వింటూ నిద్రపోవడానికి మూలం ఇక్కడే ఉందని నా ఆలోచన. చప్పుడు ఉందంటే ఎవరో మేల్కొని ఉన్నారని అర్థం. ఎవరో మేల్కొని ఉంటే నేను కన్ను మూయొచ్చు.

1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం అమరుడైన తర్వాత, గోండుల పరిస్థితి ఏమిటో తెలుసుకోవాల్సిన అవసరం నిజాం ప్రభుత్వానికి పడింది. ఆ కాలంలోనే హైమన్‌డార్ఫ్ ఆదిలాబాద్ వచ్చి మార్లవాయిలో ఉన్నాడు. 1948లో రాజ్‌గోండుల మీద ఆయన పుస్తకం వచ్చింది. అందులో ఆయన ఎక్కువ శ్రద్ధ పెట్టింది ప్రధానుల కథల మీద. గోండు ఇంటిపేర్లకు వంశపారంపర్యంగా ప్రధాన్‌లు ఉంటారు. కిక్రి వాయిస్తూ పెర్సపేన్ కథలు చెప్పేది వాళ్లే. కిక్రి అంటే కమానుతో లాగి వాయించే తీగల వాయిద్యం. కథ రాత్రి మొదలైతే తెల్లారేదాకా సాగుతుంది. అంతసేపూ అందరూ మేలుకుని వింటారని బయటివాళ్లు అనుకుంటారు గానీ, కథ దగ్గర కూర్చున్నోళ్లకు తెలుసు అసలు సంగతి. పిల్లలు మొదటి గంటలోనే అమ్మ ఒడిలో పడిపోతరు. పెద్దోళ్లు కునుకు తీసి, లేచి, కథ ఎక్కడిదాకా వచ్చిందో పక్కోణ్ని అడిగి మళ్లీ వింటరు. దాన్ని ఎవరూ తప్పు పట్టరు. ఒకే కథను ఏడాదికోసారి, నిద్రలో సగం మెలకువలో సగం వింటే, 20 ఏళ్లకు అది మొత్తం ఎక్కేస్తుంది. మన చరిత్ర మనకు అందిన దారుల్లో ఇదొకటి, బడి కంటే పాతది.

కోయల దగ్గర ఇదే పని డోలి కళాకారులది. మణుగూరు దగ్గర కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య కంచుమేళం, కంచుతాళం మీద సమ్మక్క సారలమ్మ కథ, కోయ వీరుల కథలు గంటల కొద్దీ చెప్పేవారు. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన పోయారు. గమనించండి, మణుగూరు అంటే అది కూడా సింగరేణే. డోలి మోత, ఓపెన్ కాస్ట్ మోత ఒకే మండలంలో ఉన్నాయి.

ఇక బొగ్గు. 1871లో ఇల్లందు దగ్గర డాక్టర్ విలియం కింగ్ బొగ్గును గుర్తించాడు. 1889లో తవ్వకం మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ పేరుతో కంపెనీ నమోదైంది. 1929 నాటికి కాజీపేట, బల్లార్షా రైలు మార్గం పూర్తయి రామగుండం, మంచిర్యాల, బెల్లంపల్లి మీదుగా మద్రాసు, ఢిల్లీ బండ్లు నడిచాయి. రాత్రిపూట అడవిలో రైలు కూత అప్పుడే వచ్చింది. రామగుండం వైపు గనులు మాత్రం 1960 ప్రాంతంలో తెరిచారు. ఆ గనుల చుట్టూ పుట్టిన ఊరే గోదావరిఖని. ఊరి పేరులోనే ఖని ఉంది.

గనితో వచ్చిన అసలు మార్పు చప్పుడు కాదు, నిద్ర వేళ. 1952 మైన్స్ యాక్ట్ ప్రకారం భూగర్భంలో రోజుకు 8 గంటలకు మించి పని చేయించకూడదని ఉండేది. ఆ 8 గంటలను మూడుసార్లు వేస్తే ఒక రోజు. పొద్దున 7కు మొదటి షిఫ్టు, మధ్యాహ్నం 3కు రెండోది, రాత్రి 11కు నైట్ షిఫ్టు. సైరన్ మోగితే ఒకరు దిగుతరు, ఒకరు ఎక్కుతరు. వారం వారం షిఫ్టు మారితే నిద్ర కూడా మారాలె. చేను కాపలాకు కాలం ఉంది, కోత అయితే అయిపోతుంది. బాయి కాపలాకు కోత లేదు.

దీని భారం మోసింది ఇంట్లో ఆడవాళ్లు. రెండు గదుల క్వార్టర్‌లో పొద్దున నైట్ దిగి వచ్చిన మనిషి పడుకుంటే, పిల్లలను బయటికి తోలాలి, గిన్నె చప్పుడు కాకుండా వండాలి, కూరగాయల బండోనికి సైగ చేయాలి. "మీ నాయిన పండుకున్నడు, లొల్లి చేయకుండ్రి" అన్న మాట వినకుండా పెరిగిన పిల్లలు కాలనీలో ఉండరు. కిటికీకి దుప్పటి కట్టి, టేబుల్ ఫ్యాన్ వేస్తే ఆ ఫ్యాన్ మోత బయటి లొల్లిని కొంత మింగేది. చలికాలంలో కూడా ఫ్యాన్ ఎందుకు అంటే జవాబు ఇదే. కరెంటు పోతే, ఉక్కపోత కంటే ముందు ఆ మోత ఆగినందుకే మెలకువ వచ్చేది.

ఎందుకట్ల? నిద్రలో కన్ను మూతపడుతుంది, చెవి మూతపడదు. మెదడు చప్పుడు ఎంత పెద్దదని కాదు, చప్పుడు మారిందా అని చూస్తుంది. ఒకే తీరు మోత ఉంటే మధ్యలో వచ్చే చిన్న చప్పుళ్లు అందులో కలిసిపోతయి. మోత ఆగితే అదే ఒక మార్పు.

బాయిలో పనిచేసినోళ్లకు ఇది పుస్తకంలో చదివిన విషయం కాదు. భూగర్భ గనికి పైన పెద్ద ఫ్యాన్ ఉంటుంది. మీథేన్‌ను బయటికి లాగి లోపలికి గాలి తెచ్చేది అదే, అందుకే రాత్రింబవళ్లు తిరగాలి. గని దగ్గరి ఇళ్లకు ఆ మోత నేల మీద పారే నీళ్ల లెక్క ఎప్పుడూ ఉండేది. అది ఆగిందంటే లోపల ఉన్నోళ్ల గురించి భయం. కింద పనిలో కూడా చెవే ప్రాణం కాపాడేది. పైకప్పును రాడ్‌తో కొట్టి చూస్తరు. గట్టిగా మోగితే మంచిది, డొల్లగా పలికితే రాయి విడిపోయిందని లెక్క. ఇనుప ఆధారాలు వచ్చినా చాలామంది పాత కార్మికులు కర్ర దిమ్మెలనే నమ్మేవారు, ఎందుకంటే కర్ర విరిగే ముందు కిర్రుమంటది. ఎనిమిది గంటలు అట్లా చెవులు రిక్కించిన మనిషిని ఇంటికొచ్చి నిశ్శబ్దంలో పడుకోమంటే ఎట్ల పడుకుంటడు?

అక్కడే రేడియో వచ్చింది. నిజాం కాలపు దక్కన్ రేడియో 1950 ఏప్రిల్ 1న ఆలిండియా రేడియోలో కలిసింది. 1957 అక్టోబర్ 3న వివిధ భారతి మొదలైంది. బ్యాటరీతో నడిచే ట్రాన్సిస్టర్ చేతికి వచ్చాక రేడియో హోటల్లో నుంచి మంచం దగ్గరికి చేరింది. రేడియో పెట్టుకోవడానికి పోస్టాఫీసులో లైసెన్సు కట్టిన రోజులవి. బ్యాటరీలు అయిపోతే ఎండలో పెట్టి ఇంకో రెండు రోజులు లాగించేవారు. రాత్రి 10కి ఛాయాగీత్. హిందీ సగమే అర్థమయ్యేది, అయినా అది అర్థం కోసం విన్నది కాదు. రెండో షిఫ్టు దిగి 11 దాటాక ఇల్లు చేరినోనికి మాత్రం దక్కింది ప్రసారాలు ముగిశాక వచ్చే గరగర. ఆ గరగరకే నిద్రపోయినోళ్లు ఉన్నారు.

సరిగ్గా ఆ కాలంలోనే అమెరికాలో ఆ గరగరను సరుకు చేసి అమ్మడం మొదలైంది. 1962లో జిమ్ బక్‌వాల్టర్ అనే ఆయన డబ్బాలో చిన్న ఫ్యాన్ బిగించి నిద్ర యంత్రం తయారుచేశాడు. హోటల్ గదిలో ఏసీ మోతకు నిద్ర బాగా పట్టిందన్నదే దానికి ప్రేరణ. 1969లో ఇర్వ్ టైబెల్ సముద్రపు అలల చప్పుడుతో గ్రామఫోన్ రికార్డు తెచ్చాడు. ఇప్పుడు మీరు ఫోన్‌లో వినే 10 గంటల వాన వీడియోలు ఆ రికార్డు మనవలు. వానను నిజంగా చూసిన మనం ఎవరి ఊరి వాననో విని పడుకుంటున్నామన్నది నాకు కొంచెం నవ్వు తెప్పించే విషయం. రేకుల ఇంటి మీద పడే వాన ముందు ఆ వీడియో ఏపాటి!

1986లో ఆదిలాబాద్ ఆకాశవాణి వచ్చాక గోండి మాట రేడియోలో వినబడింది. దీన్ని చిన్న విషయం అనుకోవద్దు. అప్పటిదాకా డబ్బాలో నుంచి వచ్చేది తెలుగు, హిందీ, ఉర్దూ. సొంత భాషకు కూడా మైకు ఉంటుందని ముసలోళ్లు మొదటిసారి అప్పుడు విన్నారు. ఆ తర్వాత టేపురికార్డర్లు. కరీంనగర్ జిల్లా నుంచి దుబాయి పోయినోళ్లు తెచ్చిన పానసోనిక్‌లు, క్యాసెట్‌కు అటువైపు ఇటువైపు పాటలు. గద్దర్ పాటలు కూడా క్యాసెట్లలో తిరిగాయి, కానీ అవి నిద్రపుచ్చే పాటలు కావు. 1981లో 56 రోజుల సమ్మె చూసిన బెల్టు ఇది, ఆ పాటల పనే వేరు.

ఇప్పుడు మనల్ని నేరుగా తాకే విషయం. దేశంలో శబ్ద కాలుష్య నియమాలు 2000లో వచ్చాయి. నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 దాటకూడదు. రాత్రి అంటే 10 నుంచి 6 అని రాశారు. నైట్ షిఫ్టు మనిషికి రాత్రి ఎప్పుడు? పొద్దున 8 నుంచి మధ్యాహ్నం దాకా. ఆ నిద్రకు ఈ నియమంలో చోటు లేదు. పైగా ఓపెన్ కాస్ట్ బ్లాస్టింగ్ సాధారణంగా పగలే. భద్రత కోసం అది సరైనదే, చీకట్లో పేల్చితే ప్రమాదం. కానీ గని పక్క ఊళ్లో గోడలు అదిరేది సరిగ్గా అలసిన మనిషి పడుకున్న వేళకే. రాత్రంతా డంపర్లు తిరుగుతయి, వెనక్కి వచ్చేటప్పుడు వాటి హారన్ కీచుమంటది. ఫ్యాన్ హౌస్ మోతకు అలవాటు పడొచ్చు, ఎందుకంటే అది మారదు. బ్లాస్టింగ్‌కు, డంపర్ హారన్‌కు ఎన్నేళ్లయినా అలవాటు పడలేము, ఎందుకంటే హెచ్చరించడమే వాటి పని. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద క్యాన్సర్ మీద పనిచేసే సంస్థ, నిద్ర గడియారాన్ని చెడగొట్టే రాత్రి పనిని 2007లోనే క్యాన్సర్‌కు కారణం కాగల వాటిలో చేర్చింది. పునరావాసం, నష్టపరిహారం మాట్లాడేటప్పుడు భూమి లెక్క, చెట్ల లెక్క, ఇంటి లెక్క వస్తయి. నిద్ర లెక్క ఎవరూ అడగరు. పబ్లిక్ హియరింగ్‌కు పోయే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ ప్రశ్న రాసుకుని పోండి: షిఫ్టు వాళ్ల పగటి నిద్రకు మీ శబ్ద నివేదికలో కొలత ఉందా?

ఇక ఇయర్‌ఫోన్ల సంగతి. 2008లో హంగరీలో 94 మంది విద్యార్థుల మీద పరీక్ష చేశారు. మూడు వారాలు, పడుకునే ముందు 45 నిమిషాలు మెల్లని సంగీతం విన్నవాళ్లకు నిద్ర మెరుగైంది. కథల ఆడియో విన్నవాళ్లకు అంత మెరుగు కనిపించలేదు. కాబట్టి పాట వింటే తప్పేం లేదు. కానీ చెవికి ఒక లెక్క ఉంది. 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. రాత్రంతా చెవిలో పెట్టుకుని పడుకుంటే గంటలు తొందరగా అయిపోతయి. ఫోన్‌ను మెల్లగా పెట్టి కొంచెం దూరంలో ఉంచి, టైమర్ పెట్టుకోవడం మేలు. రూమ్‌మేట్ ఒప్పుకుంటేనే సుమా.

ఛత్తీస్‌గఢ్ గోండులు 2010 నుంచి సీజీనెట్ స్వర అనే ఫోన్ సేవలో తమ భాషలో వార్తలు, పాటలు చెప్పి రికార్డు చేశారు. మామూలు బటన్ ఫోన్‌తోనే. మన దగ్గర అందరి చేతిలో స్మార్ట్ ఫోన్ ఉంది, కానీ అందులో నిద్రకు వాన వీడియో ఉంటుంది, కిక్రి ఉండదు. వచ్చే దండారికి ఇంటికి పోయినప్పుడు మీ ఊళ్లో ప్రధాన్ పెద్దలు, డోలి పెద్దలు ఎవరున్నారో అడగండి. వాళ్లు ఒప్పుకుంటే ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి కథ మొత్తం, మధ్యలో దగ్గు, కుక్కల అరుపు, పిల్లల ఏడుపుతో సహా రికార్డు చేయండి. కత్తిరించొద్దు. కొన్ని కథలు పూజలోనే చెప్పాల్సినవి ఉంటయి. అవి వద్దంటే ఫోన్ జేబులో పెట్టుకుని, అక్కడే గొంగడి పరుచుకుని పడుకుని వినండి.