నెల్లూరు జిల్లా సారా వ్యతిరేక ఉద్యమం

నెల్లూరు జిల్లా సారా వ్యతిరేక ఉద్యమం 1990వ దశకం ఆరంభంలో ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రములోని నెల్లూరు జిల్లాలో గ్రామీణ మహిళలు సారా అమ్మకాలకు వ్యతిరేకంగా నడిపిన ప్రజా ఉద్యమం. కలిగిరి మండలంలోని దూబగుంట గ్రామం దీనికి పుట్టినిల్లుగా ప్రసిద్ధి చెందినది. రాత్రి బడులలో అక్షరాలు నేర్చుకొనుచున్న కూలి మహిళలు తమ ఊరిలో సారా దుకాణం ఉండరాదని పట్టుబట్టుటతో మొదలైన ఈ ఉద్యమం 1992 నాటికి జిల్లా అంతటికి, అటుపై రాష్ట్రమంతటికి వ్యాపించినది. దీని ఫలితంగా 1993 ఏప్రిల్ 15 నుండి నెల్లూరు జిల్లాలోను, 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతటా సారా అమ్మకం నిషేధించబడినది. 1995లో అమలులోకి వచ్చిన సంపూర్ణ మద్య నిషేధానికి కూడా ఈ ఉద్యమమే మూలం.

పూర్వరంగం

బ్రిటిషు పాలనలో నెల్లూరు జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో భాగంగా ఉండెడిది. 1886 నాటి మద్రాసు ఆబ్కారీ చట్టం క్రింద కల్లు, సారా అమ్ముకొను హక్కును ప్రభుత్వం వేలం వేసి ఆదాయం పొందెడిది. అందువలన కల్లు దుకాణాల ముందు పికెటింగు జాతీయోద్యమంలో ముఖ్య కార్యక్రమమైనది. సహాయ నిరాకరణ రోజులలో, 1921 ఏప్రిల్ 7న, మహాత్మా గాంధీ పెన్నా నది ఒడ్డున పల్లిపాడు వద్ద పినాకినీ ఆశ్రమాన్ని ప్రారంభించాడు. మద్యపాన నిషేధం ఆయన నిర్మాణ కార్యక్రమంలో ఒక అంశము.

స్వాతంత్ర్యానంతరం 1948లో మద్రాసు రాష్ట్రమంతటా మద్య నిషేధం అమలైనది. భారత రాజ్యాంగములోని 47వ అధికరణం కూడా మత్తు పానీయాల నిషేధానికి రాజ్యం కృషి చేయవలెనని నిర్దేశించుచున్నది. 1953లో ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రం ఈ నిషేధాన్ని వారసత్వంగా పొందినది. దీనిని కొనసాగించుటపై వచ్చిన వివాదంలోనే 1954 నవంబరులో టంగుటూరి ప్రకాశం మంత్రివర్గం అవిశ్వాస తీర్మానంలో ఓడిపోయినది. అయినను ఆంధ్ర ప్రాంతంలో నిషేధం 1960వ దశకం చివరి వరకు కాగితంపై కొనసాగినది. దానిని ఎత్తివేసిన తరువాత సారా వేలం పాటలు తిరిగి మొదలైనవి.

సారా వ్యాపారం

చక్కెర కర్మాగారాలలో మిగిలిపోవు మొలాసిస్‌ను పులియబెట్టి, బట్టీ పట్టి తీసిన స్పిరిట్‌లో నీరు కలిపి ప్రభుత్వ సారా తయారు చేసెడివారు. పల్లెలలో బెల్లము, నల్లతుమ్మ చెక్క మొదలైన వాటితో రహస్యంగా కాచు సారాను నాటుసారా అందురు. అప్పట్లో మొదటిది చట్టబద్ధం, రెండవది నేరం. తాటిచెట్ల నుండి గీయు కల్లు ఈ రెండింటి కంటె భిన్నమైనది.

ఆబ్కారీ సంవత్సరం అక్టోబరు 1 నుండి సెప్టెంబరు 30 వరకు నడిచెడిది. దానికి ముందుగా జిల్లాలలో సారా అమ్మకపు హక్కులకు వేలం పాటలు జరిగెడివి. పాట పాడుకొన్న కాంట్రాక్టరు ఆ ఏడాది పాటు తన ప్రాంతములోని గ్రామాలలో సారా అమ్ముకొనెడివాడు. పాట మొత్తాన్ని పన్నెండు నెలలలో రాబట్టుకొనవలెను గనుక అమ్మకం ఎంత పెరిగిన అంత లాభము. కాంట్రాక్టర్లలో అనేకులకు రాజకీయ పలుకుబడి ఉండెడిది.

1980వ దశకంలో తెలుగు దేశం ప్రభుత్వ కాలంలో వారుణి వాహిని అను పథకం క్రింద సారాను చిన్న ప్లాస్టిక్ పాకెట్లలో నింపి సరఫరా చేయుట మొదలైనది. కల్తీని, దొంగ సారాను అరికట్టుట దీని ఉద్దేశమని ప్రభుత్వం చెప్పినది. అయితే దీనివలన వ్యాపారం స్వరూపమే మారిపోయినది. అంతకు ముందు తాగవలెనన్నచో దుకాణానికి పోవలసి యుండెడిది. పాకెట్లు వచ్చిన తరువాత జీపులు, సైకిళ్ళపై సారా పొలం గట్లకు, పని స్థలాలకు, ఇళ్ళ ముంగిటికి చేరినది. అప్పుగా ఇచ్చి కూలి డబ్బులు వచ్చినపుడు వసూలు చేసుకొనుట సాధారణమైనది.

1970-71లో సుమారు 39 కోట్ల రూపాయలుగా ఉన్న రాష్ట్ర ఆబ్కారీ ఆదాయం 1991-92 నాటికి 800 కోట్ల రూపాయలు దాటినది. ఈ సొమ్ములో అధిక భాగం దినకూలీల జేబుల నుండి వచ్చినదే. ఇంట్లో మగవాడి కూలి సారాకు పోగా, పిల్లల తిండి, బట్ట, ఇంటి అప్పు స్త్రీల కూలిపై పడెడివి. ఆ కూలిని కూడా భర్తలు కొట్టి లాక్కొనెడివారని ఉద్యమంలో పాల్గొన్న స్త్రీలు చెప్పిరి.

అక్షరాస్యతా కార్యక్రమం

1991 జనాభా లెక్కల ప్రకారం ఆంధ్ర ప్రదేశ్‌లో స్త్రీల అక్షరాస్యత 33 శాతము కంటె తక్కువ. 1988లో కేంద్ర ప్రభుత్వం నెలకొల్పిన జాతీయ అక్షరాస్యతా మిషన్ క్రింద 1991లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం చేపట్టబడినది. జిల్లా యంత్రాంగంతో పాటు జన విజ్ఞాన వేదిక వంటి స్వచ్ఛంద సంస్థలు ఇందులో పనిచేసినవి. కళాజాతా బృందాలు పల్లె పల్లెకు పోయి పాటలు, వీధి నాటకాల ద్వారా చదువు అవసరాన్ని ప్రచారం చేసినవి. పగలు కూలికి పోయి వచ్చిన వారికి రాత్రి పూట వాలంటీర్లు చదువు చెప్పెడివారు. నేర్చుకొనుటకు వచ్చినవారిలో స్త్రీలు ఎక్కువగా ఉండెడివారు.

వాచకాలలోని పాఠాలు వారి జీవితాల నుండి తీసుకొన్నవే. కూలి రేట్లు, తాగునీరు, ఆరోగ్యం, సారా వలన పాడైన కుటుంబాలు అందులో విషయాలు. తాగుబోతు భర్త వలన బాధలు పడిన స్త్రీ గాథ అయిన సీతమ్మ కథ వీటిలో బాగా పేరు పొందినది. పాఠం ముగిసిన తరువాత దానిపై చర్చ జరుగుట బోధన పద్ధతిలో భాగము. ఒక్కొక్క ఇంటిలో ఒంటరిగా అనుభవించుచున్న కష్టం అందరి కష్టమని స్త్రీలు గ్రహించుటకు ఈ చర్చలు తోడ్పడినవి. ఊరి స్త్రీలంతా కులాల హద్దులు దాటి ఒకచోట ప్రతి రాత్రి కూర్చొనుట అంతకు ముందు లేని విషయము.

దూబగుంట సంఘటన

దూబగుంట నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతములోని చిన్న గ్రామము. తాగివచ్చినవారి వలన రాత్రి బడికి ఆటంకాలు కలుగుట, సారా మూలంగా గ్రామంలో మరణాలు సంభవించుట అక్కడి స్త్రీలను కదిలించినవి. వర్ధినేని రోశమ్మ వారికి నాయకత్వం వహించినది.

ఈ సంఘటనను వివరించుచు వ్రాసిన "ఆడవాళ్ళు ఏకమైతే" అను పాఠం ప్రకారం, సుమారు వంద మంది స్త్రీలు ఊరి బయటకు పోయి మొదట కల్లు బండిని ఆపిరి. కల్లు పారబోయుమని, నష్టము పూడ్చుటకు తలకొక రూపాయి ఇచ్చెదమని బండివానితో చెప్పిరి. అతడు వెనుదిరిగి పోయెను. అటుపై సారా పాకెట్లతో వచ్చిన జీపును చుట్టుముట్టి, ఊరిలో అమ్మినచో కలెక్టరుకు ఫిర్యాదు చేయుదుమని హెచ్చరించిరి. ఆ విధంగా గ్రామంలో సారా అమ్మకం ఆగిపోయినది.

ఈ పాఠం జిల్లాలోని ఇతర గ్రామాల రాత్రి బడులలో చదువబడుట వలన దూబగుంట వార్త ఊరూరికి చేరినది. ఆ ఊరి ఆడవారు చేసిన పని మనమెందుకు చేయలేమను ప్రశ్న ప్రతి చోటా పుట్టినది. ఒక సంఘటన పాఠమై, ఆ పాఠం అనేక సంఘటనలకు కారణమగుట ఈ ఉద్యమం యొక్క ప్రత్యేకత.

వ్యాప్తి, పోరాట పద్ధతులు

1992లో ఉద్యమం ఉదయగిరి, కలిగిరి వంటి మెట్ట మండలాల నుండి కోస్తా, డెల్టా గ్రామాల వైపు విస్తరించినది. దీనికి జిల్లా స్థాయిలో ఒకే సంస్థగాని, ఒకే నాయకురాలుగాని లేరు. ప్రతి గ్రామం తన పద్ధతిని తానే నిర్ణయించుకొన్నది. ముఖ్యమైన పద్ధతులు ఇవి:

* ఊరి పొలిమేరలో కాపలా ఉండి సారా తెచ్చు వాహనాలను వెనుకకు పంపుట.
* దుకాణాలలోని పాకెట్లను బయటకు తెచ్చి పారబోయుట లేదా తగులబెట్టుట.
* తాగి వచ్చిన భర్తకు అన్నము వండకుండుట, ఇంటిలోకి రానీయకుండుట.
* గుడిలో లేదా గ్రామ పెద్దల సమక్షంలో తాగనని ప్రమాణం చేయించుట.
* మాట తప్పిన వారికి జరిమానా వేయుట, గుండు గీయించి లేదా గాడిదపై ఎక్కించి ఊరేగించుట.

చీపురుకట్టలు, కారంపొడి ఈ పోరాటంలో స్త్రీల ఆయుధాలుగా పేరుపొందినవి. ఊరేగింపుల వంటి శిక్షలు కొందరి విమర్శకు గురైనవి. పోలీసులకు, ఎక్సైజు శాఖకు ఎన్ని ఫిర్యాదులు చేసినను ఫలితం లేకపోవుట వలననే తాము ఇట్లు చేయవలసి వచ్చినదని స్త్రీలు సమాధానమిచ్చిరి. ఉద్యమకారిణులపై కాంట్రాక్టర్ల మనుషుల దాడులు, పోలీసు కేసులు కూడా జరిగినవి.

గ్రామంలో అమ్మకాన్ని ఆపినను మరుసటి ఏడాది వేలం పాటతో అది తిరిగి వచ్చునని స్త్రీలు గ్రహించిరి. అందువలన 1992లో పోరాటం వేలం పాటలపైకి మళ్ళినది. పల్లెల నుండి వేలాది స్త్రీలు నెల్లూరు పట్టణానికి వచ్చి పాటలు జరుగకుండా అడ్డగించిరి. వేలం పలుమార్లు వాయిదా పడినది. ఇతర జిల్లాలలో కూడా ఇటువంటి అడ్డగింతలు జరిగినవి.

పత్రికలు, సంస్థల పాత్ర

ఈనాడు దినపత్రిక "సారాపై సమరం" పేరుతో ఉద్యమ వార్తలను ప్రత్యేకంగా ప్రచురించినది. దీనివలన ఒక గ్రామములోని సంఘటన మరుసటి రోజే రాష్ట్రమంతటికి తెలియసాగినది. జన విజ్ఞాన వేదిక, ప్రగతిశీల మహిళా సంఘం, అఖిల భారత ప్రజాతంత్ర మహిళా సంఘం (ఐద్వా) మున్నగు సంస్థలు పోరాటానికి అండగా నిలిచినవి. తెలంగాణ సాయుధ పోరాట యోధురాలు మల్లు స్వరాజ్యం కూడా ఇందులో పాల్గొన్నది. ప్రతిపక్ష పార్టీలు క్రమంగా తమ మద్దతును ప్రకటించినవి. వారుణి వాహినిని ప్రవేశపెట్టిన తెలుగు దేశం పార్టీ కూడా ఇందులో ఉండుట గమనార్హం.

అప్పటి ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్ధనరెడ్డి నెల్లూరు జిల్లా వాకాడుకు చెందినవాడు. ఆయన 1992 అక్టోబరులో పదవి నుండి తప్పుకొన్నాడు. అయితే ఆ రాజీనామాకు కారణం వైద్య కళాశాలల అనుమతులపై వచ్చిన కోర్టు తీర్పు గాని సారా ఉద్యమం కాదు. ఆయన తరువాత కోట్ల విజయభాస్కరరెడ్డి ముఖ్యమంత్రి అయినాడు.

సారా నిషేధం, సంపూర్ణ మద్య నిషేధం

కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వం 1993 ఏప్రిల్ 15 నుండి నెల్లూరు జిల్లాలో సారాను నిషేధించినది. అదే సంవత్సరం అక్టోబరు 1న, అనగా కొత్త ఆబ్కారీ సంవత్సరం మొదటి రోజున, నిషేధం రాష్ట్రమంతటికి విస్తరించినది. ఇది సారాకు మాత్రమే వర్తించినది. విదేశీ తరహా మద్యం అమ్మకాలు కొనసాగినవి.

1994 శాసనసభ ఎన్నికలలో తెలుగు దేశం అధ్యక్షుడు ఎన్.టి.రామారావు సంపూర్ణ మద్య నిషేధాన్ని ముఖ్య వాగ్దానంగా చేసెను. 294 స్థానాలలో ఆ పార్టీకి 216 లభించినవి. 1994 డిసెంబరు 12న ప్రమాణ స్వీకారం చేసిన వెంటనే ఆయన మద్య నిషేధంపై సంతకం చేశాడు. 1995 జనవరి 16 నుండి నిషేధం అమలులోకి వచ్చినది.

ఈ నిషేధం రెండు సంవత్సరాలకు పైగా మాత్రమే నిలిచినది. పొరుగు రాష్ట్రాల నుండి, గోదావరి జిల్లాల మధ్యనున్న పుదుచ్చేరి భాగమైన యానాం నుండి మద్యం దొంగరవాణా అయినది. నాటుసారా కాపు పెరిగినది. రాష్ట్ర ఖజానాకు పెద్ద ఆదాయం పోయినది. 1995 సెప్టెంబరులో ముఖ్యమంత్రి అయిన నారా చంద్రబాబునాయుడు ప్రభుత్వం చట్టాన్ని సవరించి 1997 ఏప్రిల్ 1 నుండి విదేశీ తరహా మద్యం అమ్మకాలను తిరిగి అనుమతించినది. సారాపై నిషేధం మాత్రం తొలగించబడలేదు.

ఫలితాలు

సారా పాకెట్ల వ్యాపారం, దాని వేలం పాటలు అంతమగుట ఉద్యమం యొక్క శాశ్వత ఫలితము. రెండవ ఫలితం పొదుపు సంఘాలు. సారాపై పోరాడిన గ్రామాలలోనే స్త్రీలు రోజుకు ఒక రూపాయి చొప్పున దాచుకొను "పొదుపు లక్ష్మి" కార్యక్రమం నెల్లూరు జిల్లాలో మొదలైనది. రాష్ట్రంలో తరువాత విస్తరించిన డ్వాక్రా సంఘాలకు ఇది ఒరవడి అయినది.

అన్వేషి పరిశోధన కేంద్రం, కంచ ఐలయ్య మొదలైనవారు ఈ ఉద్యమంపై అధ్యయనాలు ప్రచురించిరి. తాగుడును మగవారి దురలవాటుగా గాక ప్రభుత్వ ఆదాయ విధానంగా స్త్రీలు గుర్తించుటను వారు ప్రధానంగా చర్చించిరి.

తరువాతి పరిణామాలు

1997 తరువాత అనుమతి పొందిన దుకాణాల నుండి సరుకు తెచ్చి పల్లెలలో అనుమతి లేకుండా అమ్ము "బెల్టు షాపులు" వ్యాపించినవి. పాకెట్టు స్థానంలో సీసా వచ్చినది. 2014 జూన్‌లో విభజిత ఆంధ్ర ప్రదేశ్ ముఖ్యమంత్రిగా చంద్రబాబునాయుడు చేసిన తొలి సంతకాలలో బెల్టు షాపుల రద్దు ఒకటి. 2019 అక్టోబరు నుండి వై.ఎస్.జగన్మోహనరెడ్డి ప్రభుత్వం దశలవారీ నిషేధం లక్ష్యమని ప్రకటించి, దుకాణాలను ప్రభుత్వ ఆధ్వర్యంలోకి తెచ్చినది. 2024 అక్టోబరు 16 నుండి కొత్త విధానం క్రింద 3,396 ప్రైవేటు దుకాణాలకు తిరిగి అనుమతి లభించినది.

నెల్లూరు జిల్లా పేరు 2008లో శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లాగా మార్చబడినది. దూబగుంట రోశమ్మగా ప్రజలకు తెలిసిన వర్ధినేని రోశమ్మ 2016లో మరణించినది.

ఇవి కూడా చూడండి

* దూబగుంట
* కలిగిరి మండలం
* సంపూర్ణ మద్య నిషేధం
* డ్వాక్రా